పొగగొట్టం

ఆ డేరాకి రెండు ద్వారాలు.
ఒకటి ఉత్తరానికి, ఒకటి దక్షిణానికి.
మధ్యలో కిరసనాయిలు పొయ్యి,
పొయ్యి వెనక బల్ల,
బల్ల వెనక మెడకి మఫ్లర్ చుట్టుకుని ఆయన.
పాన్‌మున్‌జామ్ చలికి సిరా గడ్డకట్టేది.
కలం నోటి దగ్గర పెట్టుకుని ఊదేవాడు,
పిల్లనగ్రోవి చేతికొచ్చినా పాట రానివాడిలా.

"ఎటు వెళ్తావు?"

ఆయన ఇంగ్లీషు దాటి, దుబాసీ సియోల్ యాస దాటి
నా దగ్గరికొచ్చేసరికి ప్రశ్న చల్లారిపోయింది.
ఉత్తరాన మా అమ్మ. ఉందో లేదో.
దక్షిణాన నన్ను పట్టి కట్టేసినవాళ్లు.
ముందు నుయ్యి, వెనక గొయ్యి,
నా వయసు ఇరవై ఒకటి.
తలెత్తి, డేరా కప్పు చీల్చుకుని బయటికి పోతున్న
పొగగొట్టం చూపించాను.

కావలి సిపాయి నవ్వాడు. దుబాసీ నవ్వాడు.
ఆయన నవ్వలేదు.
ఫైల్లో చాలాసేపు ఏదో రాసుకున్నాడు.

తర్వాత ఓడ. తర్వాత ఢిల్లీలో రెండేళ్లు.
కోళ్ల పెంపకం నేర్పారు మాకు;
ఏ దేశమో తేలేలోపు చేతిలో ఒక పెట్టని పెట్టారు.
తర్వాత బ్రెజిల్.
సావో పాలోకి తూర్పున, మోజీ కొండల కింద
ఎర్రమట్టి, ఆరువందల కోళ్లు, ఇరాసెమా.
నా పోర్చుగీసు విని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

డెబ్భై ఒకటిలో, వానలు వెనకబట్టే వేళ,
జెండాకి తొడుగేసిన నల్లకారు మా బురదలో దిగబడింది.
తోసింది నేనూ, మా బావమరిదీ.
దిగినాయన జుట్టు తెల్లబడింది. మఫ్లర్ లేదు.
ఊదడం మాత్రం పోలేదు,
ఈసారి కాఫీని.

హాసారాం గిద్వానీ. పేరు అప్పుడే తెలిసింది నాకు.
డమాస్కస్, ప్రాగ్, అక్రా, మళ్లీ ప్రాగ్,
ఇప్పుడిక్కడ. ఇదే ఆఖరి కొలువు.
వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టి చెప్పాడు:
పదకొండు ఇళ్లు, అన్నీ సర్కారువి,
కుర్చీల అడుగున కూడా నంబర్లు.
రెండు ఒప్పందాలు కుదిర్చితే ఒకటి నిలిచింది,
అది జనపనార సంచుల గురించి.
ఎక్కడో ఒక తిరుగుబాటు రాత్రి స్నానాలగదిలో
రహస్య కాగితాలు కాలుస్తూ కనుబొమలు కాల్చుకున్నాడు.
భార్య అక్రాలో పోయింది.
"అస్థికలు దేశం దాటాలంటే అనుమతిపత్రం కావాలి.
సంతకం పెట్టాల్సిన అధికారిని నేనే."
పెట్టాడట. తేదీ వేయడం మరిచిపోతే
గుమాస్తా వెనక్కి తెచ్చాడట.

"నీ పొగగొట్టం సంగతి రిపోర్టులో రాశాను.
పైవాళ్లు కొట్టేసి
ఖైదీ అభిప్రాయం తెలుపలేదు అని దిద్దారు.
పద్దెనిమిదేళ్లుగా నీకు ఆ వాక్యం బాకీ."

కోళ్ల షెడ్డు వాసన ముక్కు బద్దలు కొడుతున్నా
కదలకుండా కూర్చుని షికార్‌పూర్ గురించి చెప్పాడు.
కప్పు వేసిన బజారు, జాడీల్లో మామిడి ఊరగాయ,
సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లితే లేచే మట్టివాసన.
సింధులోని ఆ ఊరు
ఒక అర్ధరాత్రి ఇంకో దేశమైపోయింది.
"మాకెవరూ డేరా వెయ్యలేదు.
పొయ్యి లేదు, బల్ల లేదు.
ఎటు వెళ్తావని అడిగినవాడు లేడు."

అడిగితే ఏం చెప్పేవారన్నాను.
కాఫీ ఊదాడు. అదెప్పుడో చల్లారింది.

వెళ్తూ రెండు డజన్ల గుడ్లు కావాలన్నాడు.
డబ్బు వద్దంటే ఒప్పుకోలేదు.
పైగా రసీదు కావాలట, సర్కారు మనిషి!
ఇరాసెమా పుస్తకం తెచ్చింది,
పెన్సిలు మొన నాలుకకి తడిచేసింది,
పేరు రాసింది. ఎలా రాసిందో దేవుడికెరుక.
"ఊరు?" అంది.

ఆయన నా వైపు చూశాడు.
నేను కోళ్ల వైపు చూశాను.

"ఊరు ఖాళీగా వదిలెయ్యమ్మా," అన్నాడు,
"గుడ్లు ఎన్నో రాయి, చాలు."

ఇరవై నాలుగు.
దారిలో మూడు పగిలాయని
నెల తర్వాత ఉత్తరం రాశాడు,
రాజముద్ర ఉన్న కాగితం మీద.